మధుమేహమునకు మితాన్నము

ఒకప్పుడు గ్రామమునకు అంటువ్యాధియే పెద్ద శత్రువు. కలరా గాని, మశూచి గాని సోకినదని తెలిసినంతనే ఊరంతయు కదలెడిది. బావులలో మందు చల్లించుట, టీకాలు వేయించుట, మురుగు తీయించుట పంచాయతీలకు అలవాటైన పనులు. మశూచి నేడు లోకములోనే లేదు. కాని ఈ కాలమున వేరొక వ్యాధి సద్దు చేయక పల్లెలలో ప్రవేశించినది. దీనికి జ్వరము లేదు. మొదట నొప్పియు లేదు. ఒకరినుండి మరియొకరికి అంటదు. కావుననే దీనిని చూచి ఊరు కదలదు. ఇదియే మధుమేహము. ప్రజలు వాడుకలో "షుగరు" అందురు.

ఇది పట్టణములలోని కలవారి వ్యాధియను భావము ఇంకను కొందరిలో కలదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటను జరిపించిన పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. మరి 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధికి ముందుదశలో నున్నారు. వ్యాధి పట్టణములలో హెచ్చుగా నున్నను, ముందుదశ మాత్రము పల్లెకును పట్నమునకును దాదాపు సమానముగా నున్నది. అనగా రేపటి రోగులు మన గ్రామములలోనే తయారగుచున్నారు.

వ్యాధి యొక్క స్వరూపము

మనము తిను అన్నము, రొట్టె, దుంపలు, తీపి వస్తువులు కడుపులో జీర్ణమై చక్కెరగా మారి రక్తములో కలియును. ఆ చక్కెరను కండరములకు అందజేయుటకు ఇన్సులిన్ అను రసము కావలెను. దీనిని క్లోమము అను గ్రంథి తయారుచేయును. ఇన్సులిన్ చాలినంత ఊరకపోయినను, ఊరినది సరిగా పనిచేయకపోయినను చక్కెర రక్తములోనే నిలిచిపోవును. మితిమీరిన చక్కెర మూత్రములో బయటకు పోవును. ఆ మూత్రమునకు చీమలు పట్టునని మన ప్రాచీన వైద్యులు గుర్తించి దీనికి మధుమేహమని పేరిడిరి.

అతిదాహము, మాటిమాటికి మూత్రము, కారణము లేని నీరసము, బరువు తగ్గుట, పుండ్లు మానకుండుట దీని లక్షణములు. అయితే అనేకులలో ఏండ్ల తరబడి ఏ లక్షణమును కానరాదు. ఆ ఏండ్లలోనే కంటి నరములు, మూత్రపిండములు, గుండె చెడును. పాదములకు స్పర్శ తగ్గును. చెప్పులు లేక పొలమునకు పోవువానికి ముల్లు గ్రుచ్చుకొన్న సంగతియే తెలియదు. పుండు కుళ్లి, కాలు తీసివేయవలసిన స్థితి వచ్చిన పిమ్మట ఆ కుటుంబము అప్పులపాలగును. ఈ నష్టమునంతయు చాలవరకు ఆపవచ్చును. ముందుగా తెలిసికొనుట మొదటి మెట్టు. పళ్లెమును సరిదిద్దుకొనుట రెండవ మెట్టు.

పరగడుపున చేసిన పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తమునకు చక్కెర 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉన్నచో మధుమేహముగా ఎంచుదురు. 100 మొదలు 125 వరకు ముందుదశ. రోగలక్షణములు లేనివారికి రెండవమారు పరీక్షచేసి నిర్ధారింతురు.

పళ్లెములోని లెక్క

మధుమేహ రోగికి చక్కెర మానుమని అందరును చెప్పుదురు. చక్కెర మానినవాడు తన వంతు నెరవేరినదని తలచి, మూడు పూటలను కడుపునిండ అన్నము తినును. పరీక్షలో చక్కెర తగ్గదు. మందు పనిచేయలేదని వైద్యుని నిందించును. లోపమెక్కడ నున్నదో లెక్కవేసి చూతము.

100 గ్రాముల బియ్యములో సుమారు 78 గ్రాములు పిండి పదార్థమే. రోజునకు 450 గ్రాముల బియ్యము వండుకొని తినువానికి అన్నమునుండియే 350 గ్రాముల పిండి పదార్థము చేరును. చెంచా 5 గ్రాముల చొప్పున రెండేసి చెంచాల చక్కెరతో రెండు కప్పుల తేనీరు త్రాగినచో చేరునది 20 గ్రాములు మాత్రమే. తేనీటిలో చక్కెర మానుట మంచిదే. కాని అసలు బరువు అన్నపు కుండలో నున్నదని గుర్తింపవలెను. ఇడ్లీ, దోసె, ఉప్మా, అటుకులు, మరమరాలు కూడ ముఖ్యముగా పిండి పదార్థములే.

మన పూర్వులలో అందరును మూడు పూటలను వరి అన్నము తినినవారు కారు. రాయలసీమలో రాగి సంకటి, తెలంగాణమున జొన్న రొట్టె, ఉత్తరాంధ్రమున చోడి అంబలి, మెట్టప్రాంతములలో కొఱ్ఱన్నము సామాన్యుల ఆహారములు. కాలువల నీరు, బోరుబావులు వరిని విస్తరింపజేసినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చి పేదవాని ఇంట వరి అన్నము నిత్యమైనది. ఆ పథకము అనేకుల ఆకలి తీర్చినది. దానిని తప్పుపట్ట నవసరము లేదు. కాని నాటికిని నేటికిని పనులు మారినవి. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. రోకలి పోయి మర వచ్చినది. నడక పోయి మోటారు సైకిలు వచ్చినది. పని తగ్గినను పళ్లెములోని అన్నము తగ్గలేదు.

ఎంత తగ్గింపవలెను?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలో, ధాన్యములనుండి లభించు శక్తి మొత్తములో 45 శాతమునకు మించరాదని సూచించినది. వాస్తవమున మన ప్రజల ఆహారములో ధాన్యముల వంతు 50 మొదలు 70 శాతము వరకు నున్నదని ఆ సంస్థయే తెలిపినది. భారత వైద్య పరిశోధన మండలి పరిశీలనను ఆధారము చేసికొని 2022లో వెలువడిన మరియొక అంచనా ప్రకారము, క్రొత్తగా మధుమేహము సోకినవారు పిండి పదార్థముల వంతును 49–54 శాతమునకు తగ్గించి, మాంసకృత్తుల వంతును 19–20 శాతమునకు పెంచినచో వ్యాధి వెనుకకు మరలు అవకాశము కలదు.

దీనిని వంటింటి లెక్కలో చెప్పవలెనన్న, రోజునకు 2,000 కెలోరీల ఆహారము తినువారికి పిండి పదార్థము సుమారు 250 గ్రాములకు మించరాదు. బియ్యము గాని, జొన్నలు గాని, రాగులు గాని అన్నియు కలిపి 200 గ్రాములు; పప్పుధాన్యములు 80 గ్రాములు; మిగిలినది కూరలు, మజ్జిగ, వేరుసెనగలనుండి లభించును. ఇది మొదటి మెట్టు. కాయకష్టము చేయువారికి ఆహారము కొంత హెచ్చుగా కావలసియుండును. ఆ హెచ్చు పప్పు, గ్రుడ్డు, వేరుసెనగల రూపమున నుండుట మేలు.

రోజునకు పిండి పదార్థమును 130 గ్రాములకు లోపుగా తగ్గించు పద్ధతి మరియొకటి కలదు. ఇతర దేశములలో దీనిపై పరిశోధనలు జరిగినవి. మొదటి ఆరు నెలలలో చక్కెరయు, బరువును బాగుగా తగ్గినట్లును, ఏడాది గడచుసరికి ఇతర ఆహార పద్ధతులకును దీనికిని గల భేదము చాలవరకు తగ్గినట్లును అవి తెల్పుచున్నవి. చాలమంది ఆ నియమమును నిలుపుకొనలేకపోవుట ఇందుకొక కారణము. కావున ఈ రెండవ మెట్టును వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే ఎక్కవలెను. నెలరోజుల కఠిన నియమము కంటె ఏండ్ల తరబడి సాగు మిత నియమమే గొప్పది.

పళ్లెమును మార్చు విధానము

పళ్లెములో సగము కూరలతో నింపవలెను. తోటకూర, గోంగూర, మునగాకు, బెండ, బీర, సొర, వంకాయ, చిక్కుడు, గోరుచిక్కుడు ఇందుకు తగినవి. బంగాళాదుంప, చేమ, కంద, చిలగడదుంపలను కూరలుగా గాక అన్నముతో సమానముగా లెక్కింపవలెను. పళ్లెములో నాలుగవ వంతు పప్పు, ఉలవలు, పెసలు, సెనగలు గాని, గ్రుడ్డు, చేప, కోడిమాంసము గాని ఉండవలెను. మిగిలిన నాలుగవ వంతే అన్నమునకు గాని, రొట్టెకు గాని. మొదట కూర, పప్పు తిని, అన్నమును చివర తినుట మంచి అలవాటు.

ఉదయము ఇడ్లీలకు బదులు పెసరట్టు గాని, ఉడికించిన సెనగలు గాని, గ్రుడ్డు గాని తీసికొనవచ్చును. సాయంకాలము పకోడీ, బిస్కట్లకు బదులు గుప్పెడు వేరుసెనగలు చాలును. మజ్జిగలో చక్కెర కలుపరాదు.

ఇచట మూడు అపోహలను తొలగింపవలసి యున్నది. మొదటిది: రాగులు, జొన్నలు ఎంత తినినను చక్కెర పెరుగదనుట. వానిలోను 100 గ్రాములకు 65 మొదలు 70 గ్రాముల వరకు పిండి పదార్థము కలదు. పీచు వలన కొంత మెల్లగా జీర్ణమగునే గాని, పెద్ద సంకటి ముద్ద పెద్ద ముద్దయే. పిండిని పలుచగా కాచి త్రాగిన జావ మరింత త్వరగా రక్తములో చేరును. రెండవది: బెల్లము, తాటిబెల్లము, తేనె హాని చేయవనుట. రక్తమునకు సంబంధించినంతవరకు ఇవి చక్కెరతో సమానమే. మూడవది: అన్నమును పూర్తిగా మాని, నూనెయు వెన్నయు విరివిగా త్రాగినచో మందులతో పనిలేదనుట. ఇటువంటి పద్ధతులు మన తెలుగునాట కొంతకాలము మిక్కిలి ప్రచారము పొందినవి. వీనిని నమ్మి ఇన్సులిన్ మానినవారి ప్రాణములకే ముప్పు వాటిల్లవచ్చును.

మరువరాని హెచ్చరిక

ఆహారము మారినపుడు మందు మోతాదు కూడ మారవలసి యుండవచ్చును. ఆ మార్పు వైద్యుడు చేయవలెను గాని రోగి చేయరాదు. ఇన్సులిన్ తీసికొనువారు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడువారు ఒక్కసారిగా అన్నము తగ్గించినచో రక్తములో చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువకు పడిపోవచ్చును. చెమట, వణకు, గుండెదడ, తికమక దీని గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలెను. పావుగంటలో తేరుకొననిచో మరల ఈయవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయక 108 వాహనమును పిలువవలెను.

డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడువారు పిండి పదార్థములను అతిగా తగ్గించినచో రక్తము ఆమ్లపూరితమగు ప్రమాదము కలదు. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు పెంచుటకు ముందు సలహా పొందవలెను. గర్భిణులును, చిన్నతనమునుండి ఇన్సులిన్‌పై ఆధారపడినవారును ఈ నియమములను సొంతముగా ఆరంభింపరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము, ప్రజా పంపిణీ వానిలో చేరియున్నవి. కావున ఇది వైద్యశాఖకు మాత్రమే విడిచిపెట్టదగిన విషయము కాదు.

మొదట, 30 ఏండ్లు నిండిన ప్రతి స్త్రీకిని పురుషునికిని పరీక్ష జరుగునట్లు చూడవలెను. ఉపకేంద్రములలో ఈ పరీక్ష ఉచితము. అయితే కూలివారు తెల్లవారుజామున పనికి పోవుదురు. పది గంటలకు శిబిరము పెట్టినచో వారు రాలేరు. వార్డు సభ్యులు ఆశా కార్యకర్తతోను, ఆరోగ్య కార్యకర్తతోను మాట్లాడి, పనికి పోవు వేళకు ముందే పరీక్ష ఏర్పాటు చేయించవలెను.

రెండవది, మందుల సంగతి. ఉపకేంద్రములో నెలనెలకు మాత్రలు అందుచున్నవో లేవో గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ సమావేశములో విచారింపవలెను. నిల్వ లేనిచో మండల వైద్యాధికారికి వెంటనే వ్రాయవలెను. ఒక నెల మందు ఆగినవాడు మరల రాకపోవుట తరచు జరుగును.

మూడవది, పాదములు, కన్నులు. మధుమేహము ఉన్నవారికి సంవత్సరమున కొకసారి కంటి పరీక్షయు, పాద పరీక్షయు జరుగవలెను. చెప్పులు లేక పొలమునకు పోరాదనియు, ప్రతిరాత్రి పాదములు చూచుకొనవలెననియు చాటింపు వేయించవచ్చును.

నాలుగవది, ఆహారము. కూరగాయలు, పప్పు కొనుటకు డబ్బు చాలక అన్నముతో కడుపు నింపుకొనువారికి ఉపదేశము మాత్రము చాలదు. పెరటిలో మునగ, ఆకుకూరలు, చిక్కుడు పెంచుటకు విత్తనములు, మొక్కలు ఇప్పించుట, మహిళా సంఘములచేత ఉలవలు, పెసలు టోకుగా కొనిపించుట పంచాయతీ చేయగల పనులు. ఇంటిలో వండునది సామాన్యముగా స్త్రీయే గనుక, రోగి పురుషుడైనను సలహా చెప్పునపుడు ఇంటి ఇల్లాలిని కూడ పిలువవలెను. ఆమెయే రోగియైనపుడు, అందరికిని వడ్డించి మిగిలిన అన్నముతో సరిపుచ్చుకొను అలవాటును ఇంటివారు మాన్పింపవలెను.

చివరది, పెద్దల నడవడి. పంచాయతీ సమావేశములలో తీపి తేనీరు, సీసాల పానీయములకు బదులు మజ్జిగయు, వేయించిన సెనగలును పెట్టవచ్చును. సభలో సర్పంచు ముందుగా చేయి చాచి పరీక్ష చేయించుకొన్నచో, ఊరివారు వెనుదీయరు.

ఊరికి రోడ్డు వేయుటకు నిధులు కావలెను. మంచినీటి పథకమునకు మంజూరు కావలెను. పళ్లెములో ఒక గరిటె అన్నము తగ్గించి ఒక గరిటె పప్పు పెంచుటకు ఎవరి మంజూరును అక్కరలేదు. వచ్చు గ్రామసభలోనే ఈ విషయమును చర్చకు తెచ్చి, మీ గ్రామమున 30 ఏండ్లు దాటినవారెందరో, వారిలో పరీక్ష జరిగినవారెందరో లెక్క తీయుడు. ఆ రెండు అంకెల నడుమ గల తేడాయే మీరు చేయవలసిన పని.