కుర్రాడి సంగతి సరే, జట్టు సంగతేమిటి?

ఏటా ఏప్రిల్ చివర్లో అమెరికాలో మూడు రోజులపాటు ఒక్క బంతి కూడా విసరకుండానే ఫుట్‌బాల్ అభిమానులు గొంతులు చించుకుంటారు. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసిరి, చంకలో పెట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ఆ మూడు రోజుల్లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోని 32 జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. మన ఐపీఎల్‌లో మాదిరిగా ఇక్కడ వేలంపాట ఉండదు. కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, కప్పు గెలిచిన జట్టుకు చివరి వంతు. అలా ఏడు రౌండ్లు. ముందు వంతు కావాలనుకున్న జట్టు తన వంతుతోపాటు రాబోయే ఏళ్ల వంతులను కూడా ఇంకో జట్టుకు ఇచ్చి పైకి జరగవచ్చు. గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే అంత ఖరీదుపెట్టి జట్లు పైకి జరిగేది చాలావరకు ఒకే ఒక స్థానం కోసం: క్వార్టర్‌బ్యాక్.

జట్టు దాడికి దిగిన ప్రతిసారీ బంతి దాదాపుగా ముందు ఇతని చేతికే వస్తుంది. మీదికి దూకుతున్న భారీకాయుల మధ్య నిలబడి, రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. మంచి క్వార్టర్‌బ్యాక్ దొరికితే పదేళ్లు నిశ్చింత. పైగా కొత్త కుర్రాడు చౌక. 2011 ఒప్పందం తర్వాత డ్రాఫ్ట్ అయినవారి తొలి నాలుగేళ్ల జీతం వంతును బట్టి దాదాపు ఖరారై ఉంటుంది. అదే పేరున్న క్వార్టర్‌బ్యాక్‌కు 2024లో డల్లాస్ కౌబాయ్స్ ఏడాదికి 6 కోట్ల డాలర్ల లెక్కన ఒప్పందం రాసిచ్చింది. జట్టు మొత్తం జీతాలకు లీగ్ గట్టి పరిమితి పెట్టింది కనుక, ఒకడి దగ్గర మిగిలిన డబ్బు మిగతా స్థానాలను బలపరుస్తుంది. డల్లాస్, న్యూజెర్సీ వైపు తెలుగు ఇళ్లలో పుట్టి పెరిగిన పిల్లలు కూడా ఏప్రిల్‌లో ఈ లెక్కలు వేస్తుంటే తల్లిదండ్రులు అయోమయంగా చూడటంలో తప్పులేదు.

అభిమానుల వాదన ఎప్పుడూ కుర్రాడి చుట్టూనే తిరుగుతుంది. చెయ్యి బలమెంత, ఎత్తెంత, విసిరిన బంతుల్లో నూటికి ఎన్ని చేరాయి, గట్టి జట్ల మీద ఆడాడా లేదా. ఒక పక్షం వీడియోలు చూపిస్తుంది, ఇంకో పక్షం అంకెలు చూపిస్తుంది. ఇవి పనికిరాని ప్రశ్నలు కావు. కానీ సంబంధం చూడబోయినప్పుడు పిల్ల గుణగణాలన్నీ ఆరా తీసి, తమది ఎలాంటి అత్తవారిల్లో మాత్రం తలచుకోని పెద్దల తీరు ఇందులో ఉంది. క్వార్టర్‌బ్యాక్ భవిష్యత్తును అతని ప్రతిభ ఎంత నిర్ణయిస్తుందో, అతన్ని తీసుకున్న జట్టు, ఆ జట్టు చెల్లించిన ధర కూడా ఇంచుమించు అంతే నిర్ణయిస్తాయి. ఈ రెండింటినీ వదిలేసి ‘తీసుకోవాలా, వద్దా’ అని కొట్టుకోవడం సగం చర్చే.

2023 డ్రాఫ్ట్ చూడండి. మొదటి వంతు కోసం కరోలినా పాంథర్స్ జట్టు షికాగో బేర్స్‌కు ఆ ఏటి తొమ్మిదో వంతు, 61వ వంతు, 2024 మొదటి రౌండ్ వంతు, 2025 రెండో రౌండ్ వంతు ఇచ్చింది. చాలదన్నట్టు తన మేటి రిసీవర్ డీజే మూర్‌ను కూడా ఇచ్చేసింది. ఆ వంతుతో అలబామా కుర్రాడు బ్రైస్ యంగ్‌ను తెచ్చుకుంది. బంతి విసిరేవాణ్ణి తెచ్చుకోవడానికి బంతి పట్టేవాణ్ణి వదులుకోవడమన్నమాట! ఆ ఏడాది అభిమానులు యంగ్ ఎత్తు అయిదడుగుల పది అంగుళాలేనని తెగ కొట్టుకున్నారు. తీరా జరిగింది వేరు: జట్టు 17 ఆటల్లో రెండే గెలిచింది, కోచ్‌ను సీజన్ మధ్యలోనే పంపేసింది. అంత అడుగుకు జారడం వల్ల షికాగోకు ఇచ్చేసిన 2024 వంతు కాస్తా ఆ ఏటి మొట్టమొదటి వంతై కూర్చుంది. రెండో వంతులో హ్యూస్టన్ తీసుకున్న సీజే స్ట్రౌడ్ తొలి ఏడాదే జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చాడు. ఇద్దరూ తారుమారైతే ఏమయ్యేదో ఎవరూ రుజువు చేయలేరు. కానీ యంగ్ చేతికి దొరికిన సరంజామా ఏమిటో మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంది.

2018 ఇంకా మంచి సాక్ష్యం. వయోమింగ్ నుంచి వచ్చిన జాష్ ఆలెన్ కాలేజీలో విసిరిన బంతుల్లో నూటికి 56 మాత్రమే చేరాయి. అంత గురి తప్పేవాడు పెద్ద లీగ్‌లో బాగుపడిన దాఖలాలు తక్కువ కనుక అంకెల పక్షం వద్దంది, ఆ వాదన సబబే. బఫెలో బిల్స్ ఏడో వంతులో తీసుకుంది. మొదటి ఏడాది 52.8 శాతం, రెండో ఏడాది 58.8. జట్టు కంగారుపడలేదు, దాడి వ్యూహం చూసే బ్రయన్ డేబోల్‌నే కొనసాగించింది, 2020లో స్టెఫాన్ డిగ్స్ అనే మేటి రిసీవర్‌ను తెచ్చిపెట్టింది. ఆ ఏడాది 69.2 శాతం. 2024 సీజన్‌కు లీగ్ అత్యుత్తమ ఆటగాడు అతనే. అదే డ్రాఫ్ట్‌లో మూడో వంతు కోసం మూడు రెండో రౌండ్ వంతులు అదనంగా పోసి న్యూయార్క్ జెట్స్ తెచ్చుకున్న శామ్ డార్నల్డ్ అక్కడ మూడేళ్లలో ఇద్దరు హెడ్ కోచ్‌లను చూశాడు, పనికిరాడన్న ముద్రతో వెళ్లిపోయాడు. 2024లో మిన్నెసోటా వైకింగ్స్ అతన్ని నిలబెడితే జట్టు 14 ఆటలు గెలిచింది. పదో వంతు జాష్ రోజెన్‌నైతే అరిజోనా ఏడాదికే వదిలించుకుంది, కోచ్‌తోపాటు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. నిజమైన ప్రతిభ ఎక్కడైనా రాణిస్తుంది కదా? 1998లో మొదటి వంతు పేటన్ మానింగ్, రెండో వంతు రయన్ లీఫ్. తొలి ఏడాది మానింగ్ జట్టు మూడే ఆటలు గెలిచింది, అతను 28 బంతులు ప్రత్యర్థుల చేతికిచ్చాడు. అయినా మహా ఆటగాడయ్యాడు. లీఫ్ ఎక్కడున్నా నిలదొక్కుకునేవాడని నేనూ అనలేను. కొందరి విషయంలో కుర్రాడే సర్వస్వం. అయితే అలాంటివాణ్ణి ముందే గుర్తుపట్టగలమన్న ధీమాయే అసలు సమస్య. కేడ్ మాసీ, నోబెల్ గ్రహీత రిచర్డ్ థేలర్ డ్రాఫ్ట్‌లపై చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, ఒకే స్థానానికి ముందు ఎంపికైనవాడు తర్వాతివాడికంటే మెరుగ్గా ఆడే అవకాశం సగానికి కాస్త ఎక్కువ, అంతే. పై వంతులకు జట్లు వాటి విలువకు మించి చెల్లిస్తున్నాయని కూడా వాళ్లే తేల్చారు.

మరో అభ్యంతరం: క్వార్టర్‌బ్యాక్ లేనిదే కప్పు రాదు, కాబట్టి ధర చూడకూడదు. కాన్సాస్ సిటీ చీఫ్స్ 2017లో అదనంగా మరుసటి ఏటి మొదటి రౌండ్ వంతు కూడా ఇచ్చి పదో వంతుకు ఎగబాకి పాట్రిక్ మహోమ్స్‌ను తీసుకుంది, సూపర్ బౌల్ అనే లీగ్ ఫైనల్‌ను మూడుసార్లు గెలిచింది. నిజమే. కానీ ఆ జట్టు అంతకుముందు ఏడాదే 12 ఆటలు గెలిచినది. అనుభవజ్ఞుడు అలెక్స్ స్మిత్ ఉన్నాడు కనుక మహోమ్స్‌ను ఏడాదంతా పక్కన కూర్చోబెట్టి నేర్పించింది, ఒకే ఒక్క ఆట ఆడించింది. బలమైన జట్టు జూదం ఆడి ఓడినా తట్టుకుంటుంది కూడా. శాన్‌ఫ్రాన్సిస్కో 2021లో మూడు మొదటి రౌండ్ వంతులు ధారపోసి తెచ్చుకున్న ట్రే లాన్స్ గాయాలపాలై రెండేళ్లకు నాలుగో రౌండ్ వంతుకు అమ్ముడుపోయాడు. ఆ జట్టును 2024 ఫిబ్రవరి సూపర్ బౌల్‌కు నడిపింది బ్రాక్ పర్డీ, 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే చివర, 262వ వంతులో దొరికినవాడు.

బలహీనమైన జట్టుకు ఆ వెసులుబాటు లేదు, విచిత్రంగా పై వంతులు దక్కేది వాటికే. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 1999లో లీగ్‌లోకి తిరిగివచ్చాక మొదటి రౌండ్‌లో టిమ్ కౌచ్, బ్రేడీ క్విన్, బ్రాండన్ వీడెన్, జానీ మాంజెల్, బేకర్ మేఫీల్డ్‌లను తీసుకుంది. అయిదుగురూ అయిదు రకాల ఆటగాళ్లు. మేఫీల్డ్ తర్వాత టాంపాలో నిలదొక్కుకున్నాడు. క్లీవ్‌లాండ్‌లో ఎవరూ నిలవలేదు, అప్పటినుంచి ఆ జట్టు నలభైమందికి పైగా క్వార్టర్‌బ్యాక్‌లతో ఆట మొదలుపెట్టింది. 2025లో షెడూర్ శాండర్స్ మొదటి రౌండ్ సరుకా కాదా అని దేశమంతా వాదించుకుంది. చివరికి 144వ వంతులో అతన్ని తీసుకున్నది క్లీవ్‌లాండే, అదీ రెండు రౌండ్ల ముందు డిలన్ గేబ్రియల్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకున్నాక. ఆ రోజు కూడా వాదన శాండర్స్ చుట్టూనే సాగింది.