నాలుగించులా... ఆరించులా?

కాశిబుగ్గ చౌరస్తాలో హడావిడి ఎప్పుడూ ఉండేదే. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి బస్తాలతో వెళ్లే బండ్లు, వాటి మధ్యలోంచి ఆటోలు. ఆ రోడ్డు వదిలి సందుల్లోకి తిరిగితే మరో కాలం కనిపిస్తుంది. రెండు స్లాబు ఇళ్ల నడుమ ఇరుక్కుని ఓ పెంకుటిల్లు, దాని ముందు అరుగు, అరుగు మీద వరసగా టేకు గుంజలు. తాతల నాటివి. రంగు మీద రంగు వేయడంతో అసలు చెక్క ఏదో కూడా తెలియదు.

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్‌ను ముంచెత్తిన వానలకు ఇలాంటి ఇళ్లవాళ్లు నిద్రపోయి ఉండరు. నీళ్లు తగ్గాక చాలామంది చూసుకునేది గోడల్నే. కప్పును మోసే గుంజ అడుగున ఏమైందో చూసేవాళ్లు తక్కువ. పుచ్చిన గుంజను మార్చాలన్నా, పాత ఇంటి కలప కొని కొత్త మేడ మీద చెక్క మంచె వేసుకోవాలన్నా (ఈ ముచ్చట ఇప్పుడు బాగానే పెరిగింది) టింబర్ డిపోలో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే. ఎన్ని ఇంచులది కావాలి?

బరువెంతో తెలియాలి
సైజు చెప్పాలంటే ముందు గుంజ ఎంత మోయాలో తెలియాలి. ఎనిమిదడుగుల వెడల్పున్న అరుగు, గుంజకూ గుంజకూ మధ్య ఎనిమిదడుగులు అనుకుందాం. కప్పు బరువులో సగం ఇంటి గోడ మీదికి పోతుంది. మిగిలిన సగం గుంజల వాటా. అంటే ఒక్కో గుంజ మీద 32 చదరపు అడుగులు, సుమారు మూడు చదరపు మీటర్లు. చివరి మూల గుంజకైతే అందులోనూ సగమే.

మంగళూరు పెంకుల కప్పు వాసాల పట్టీలతో కలిపి చదరపు మీటరుకు 65 కిలోల దాకా తూగుతుంది. ఆ లెక్కన గుంజ మీద పడేది రెండు క్వింటాళ్లు. దూలం బరువు, పెంకులు సర్దడానికి ఎక్కిన మనిషి బరువు కలుపుకొన్నా మూడు. కానీ అదే కొలతతో మనుషులు కూర్చునే మంచె వేస్తే కథ మారిపోతుంది. ఇళ్ల బాల్కనీలకు చదరపు మీటరుకు దాదాపు 300 కిలోల భారం లెక్కలోకి తీసుకోవాలంటాయి మన భారతీయ ప్రమాణాలు. అప్పుడు గుంజ వాటా టన్ను అవుతుంది. పుట్టినరోజు నాడు చుట్టాలంతా ఒక్కసారి మంచె మీదికి చేరతారని ఆ లెక్క రాసినవాళ్లకు తెలుసు.

మరి టన్నుకు ఎన్ని ఇంచులు కావాలి? చేవదేరిన టేకు అయితే, పదడుగుల ఎత్తులో, నాలుగించుల చదరం చాలు. కాగితం మీద అంతే. ‘ఆరెందుకు సార్, నాలుగైతే ఆగదా?’ అని అడిగే మేస్త్రిది తప్పేమీ కాదు.

నలగదు... వంగుతుంది
పొడుగాటి గుంజ బరువుకు నలిగి విరగడం అరుదు. ముందు నడుము దగ్గర పక్కకు వంగుతుంది. చీపురుపుల్లను నిలబెట్టి పైనుంచి నొక్కితే అయ్యేది అదే. అందుకే బరువుతో పాటు ఎత్తూ చూడాలి. సన్నటి గుంజ ఎత్తు రెట్టింపయితే వంగకుండా మోయగలిగే బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. అదే మందం నాలుగు నుంచి ఆరించులకు పెరిగితే చెక్క రెండుంబావు రెట్లే పెరుగుతుంది గానీ, వంగకుండా నిలిచే బలం అయిదు రెట్లవుతుంది.

కలప కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 883 ఈ సంగతినే ఎత్తును మందంతో భాగించి చెబుతుంది. జవాబు 11 లోపుంటే పొట్టి స్తంభం, వంగుతుందన్న భయం లేదు. 50 దాటితే అసలు వాడకూడదు. పదడుగుల గుంజకు నాలుగించులైతే 30, ఆరించులైతే 20 వస్తుంది. రెండూ హద్దులోనే ఉన్నాయి.

ఇక ఆరు ఎందుకంటే, నిలబెట్టిన గుంజ డిపోలో కొన్న గుంజలా ఉండదు కనక. దూలం కూర్చోవడానికి తల దగ్గర గాడి తీస్తారు. కూసం దిగడానికి బెజ్జం కొడతారు. నాలుగించుల్లో ఒకటిన్నర ఇంచు అలా పోతే మిగిలిందెంత? పైగా నగిషీల సరదా ఒకటి. చిత్రిక పట్టి, కడవలు, కమలాలు చెక్కి మధ్యలో మణికట్టంత మెడ మిగులుస్తారు. చూడ్డానికి ముచ్చటే. బలం మాత్రం ఆ సన్నటి మెడను బట్టే లెక్కేయాలి. ఎనిమిదించుల దుంగలోంచి చెక్కారని మురిసిపోతే కుదరదు.

అమెరికాలో చాలా ఇళ్ల వెనక చెక్క డెక్కులుంటాయి. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లకు ఆ గుంజల సంగతి తెలిసే ఉంటుంది. అక్కడి కలప మండలి మార్గదర్శిక డెక్కు గుంజలకు ‘సిక్స్ బై సిక్స్’ వాడమంటుంది. దూలానికి గాడి తీసినా మోసేంత చెక్క మిగలాలన్నది అందులో ఓ కారణం. తమాషా ఏమిటంటే ఆ ‘సిక్స్’ కొలిస్తే అయిదున్నర ఇంచులే. ‘ఫోర్’ మూడున్నరే! ఆరబెట్టి, చిత్రిక పట్టాక మిగిలేది అంతేనని అక్కడ అందరూ ఒప్పుకున్న లెక్క. ఇక్కడ అలాంటి ఒప్పందమేమీ లేదు. టేపు పెట్టి నాలుగు వైపులా, రెండు కొసల్లో కొలుచుకోవాలి.

పాదం దగ్గరే మోసం
వరంగల్ వాళ్లకు స్తంభాల గురించి కొత్తగా చెప్పేదేముంది? వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పదీయాల్సి వచ్చింది పునాది కుంగినందుకే. మళ్లీ నిలబెట్టి తెరిచేసరికి 2024 మార్చి అయింది. రాతికే అంత కష్టం వస్తే కట్టె మాట చెప్పాలా!

చెక్క నిలువు కొస నుంచి నీళ్లను గుడ్డ వత్తిలా పైకి పీలుస్తుంది. అందుకే పాతకాలం వడ్రంగులు గుంజను నేలలో పాతలేదు. రాతి దిమ్మె మీద కూర్చోబెట్టారు. కాశిబుగ్గ అరుగుల మీద ఇంకా నిలిచి ఉన్న గుంజల కింద చూస్తే ఆ రాయి కనిపిస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల గట్టిగా ఉంటుందని గుంజ చుట్టూ కాంక్రీటు పోసేస్తున్నారు. దిగిన నీరు బయటికి పోయే దారి లేక చెక్క లోపల్లోపలే మెత్తబడుతుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. 2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఓ అపార్ట్‌మెంట్ బాల్కనీ కూలి ఆరుగురు చనిపోయారు. నీరు చేరి కుళ్లిన చెక్క దూలాలే అందుకు కారణమని తేలింది.

కాంక్రీటు దిమ్మె తప్పదనుకుంటే, దాని మీద ఇనప చెప్పు బిగించి, చెక్కకూ దిమ్మెకూ మధ్య ఓ ఇంచు గాలి ఆడనివ్వాలి.

కొనేటప్పుడు...
పాత కలప కొనేవాళ్లు ముందు అడుగు కొస చూడాలి. దబ్బనంతో గుచ్చితే సులువుగా దిగిందంటే అంతమేరా కోసి పారేయాల్సిందే. అందుకే పదడుగుల గుంజ కావాలంటే పదకొండు అడుగులది ఎంచుకోవడం మేలు. పాత బెజ్జాలు నడుము దగ్గర ఉంటే వద్దు. నిలువునా సన్నటి పగుళ్లకు భయపడక్కర్లేదు, ఎండిన కట్టెకు అవి మామూలే. పోగు ఏటవాలుగా పక్కకు పోయినా, పెద్ద కణుపు అంచుకు వచ్చినా గుంజకు పనికిరాదు.

కొత్త టేకులో చూడాల్సింది రంగు. గోధుమరంగు చేవను చెద అంత తేలిగ్గా ముట్టదు. దాని చుట్టూ ఉండే తెల్లచెక్కను వదలదు. లేత చెట్ల కలపలో ఈ తెలుపే ఎక్కువ. అలాంటప్పుడు ఆరించుల గుంజ కొన్నా, తెలుపంతా తీసేసి లోపలి చేవ ఎంతుందో కొలుచుకోవాలి. ఒక్కోసారి అది నాలుగించులే తేలుతుంది.

ధర విషయానికొస్తే, పదడుగుల గుంజ నాలుగించులదైతే 1.1 ఘనపుటడుగులు, అయిదించులదైతే 1.74, ఆరించులదైతే రెండున్నర. చేతిలో డబ్బు తక్కువైతే అయిదు దగ్గర ఆగొచ్చు. పెంకుల అరుగుకు అది ధారాళంగా సరిపోతుంది. మనుషులెక్కే మంచెకు మాత్రం ఆరుకు తగ్గకుండా, ఇంజినీరుకు ఓసారి చూపించి వేయించుకోవాలి.

పాత గుంజ తీసేరోజున ఇంకో జాగ్రత్త ఉంది. కొత్తది పక్కన సిద్ధంగా పెట్టుకుని, దూలం కింద రెండు వైపులా సెంట్రింగ్ జాకీలు బిగించాకే పాతదాన్ని కదిలించాలి. ఆ పూట పిల్లల్ని అరుగు మీదికి రానివ్వొద్దు.