ఫోన్ లైడార్ చేసే పనే ఆపరేషన్ థియేటర్‌లోనూ! ఫ్లోరోసెన్స్ లైఫ్‌టైమ్ ఇమేజింగ్ అంటే ఏంటి?

2020లో ఐఫోన్ 12 ప్రోలో లైడార్ వచ్చినప్పుడు మనలో చాలామంది ఏం చేశాం? గది కొలతలు తీసి, రెండు ఏఆర్ యాప్స్ చూసి వదిలేశాం. నేనూ అంతే. కానీ అది చేసే అసలు పని, అంటే కాంతి తిరిగి రావడానికి ఎంత టైమ్ పట్టిందో కొలవడం, డాక్టర్లకి కూడా పనికొస్తోందని ఈమధ్యే తెలిసింది.

ఎలా పనిచేస్తుంది?

కరెన్సీ నోటుని యూవీ లైట్ కింద పెడితే నంబర్లు మెరుస్తాయి కదా, అదే ఫ్లోరోసెన్స్. మన ఒంట్లోని కణాల్లో కూడా ఇలా మెరిసే పదార్థాలున్నాయి. కాంతి పడ్డాక అవి కొన్ని నానోసెకన్లు మాత్రమే వెలిగి ఆగిపోతాయి. ఒక నానోసెకనులో కాంతి వెళ్లేది 30 సెంటీమీటర్లే!

మామూలు కెమెరా ఎంత వెలుగు వచ్చిందో చూస్తుంది. ఇది ఆ వెలుగు ఎంతసేపు ఉందో చూస్తుంది. ఆఫీసులో సర్వర్ స్లో అయితే నేను ఒక్కో రిక్వెస్ట్ ఎంతసేపు తీసుకుందో హిస్టోగ్రామ్ వేసి చూస్తా. ఇక్కడా అంతే. లేజర్ పల్స్ వెళ్లగానే టైమర్ స్టార్ట్, ఫోటాన్ తగలగానే స్టాప్. ఇలా లక్షల సార్లు చేస్తే హిస్టోగ్రామ్ వస్తుంది.

లాభమేంటంటే, ప్రోబ్ కాస్త దూరం జరిగితే వెలుగు తగ్గుతుంది కానీ ఈ టైమ్ పెద్దగా మారదు.

క్యాన్సర్‌కి, దీనికి ఏంటి సంబంధం?

ప్రతి కణంలో ఎన్ఏడీహెచ్ అనే పదార్థం ఉంటుంది. విడిగా ఉంటే దాని లైఫ్‌టైమ్ సుమారు 0.4 నానోసెకన్లు. ప్రొటీన్‌కి అతుక్కుంటే కొన్ని రెట్లు పెరుగుతుంది. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ని వేరే తీరులో వాడతాయని ఒట్టో వార్బర్గ్ 1920ల్లోనే గమనించాడు. అందుకే వాటిలో ఈ రెండిటి నిష్పత్తి మారిపోతుంది. రంగు మందు ఎక్కించకుండానే ఆ తేడా పట్టుకోవచ్చు.

మెదడులో ట్యూమర్ తీసేటప్పుడు కొంచెం వదిలేస్తే జబ్బు మళ్లీ వస్తుంది, కొంచెం ఎక్కువ కోస్తే మాట పోవచ్చు. ఆ సరిహద్దు కంటికి సరిగ్గా కనపడదు. అమెరికాలోని యూసీ డేవిస్‌లో లారా మార్కు టీమ్ సన్నటి ఫైబర్ ప్రోబ్‌తో ఈ టైమ్ కొలిచి, సర్జన్ చూసే వీడియో మీదే రంగులుగా చూపిస్తోంది. గొంతు క్యాన్సర్ రోబోటిక్ సర్జరీల్లో కూడా దీన్ని పరీక్షించారు.

కంటి రెటీనాకి ఎఫ్ఎల్ఐఓ అనే పద్ధతి ఉంది. 473 నానోమీటర్ల నీలి లేజర్‌తో స్కాన్ చేసి, మాక్యులా జబ్బుల వల్ల వచ్చే మార్పుల్ని చూస్తారు.

మరి మన ఫోన్‌తో కుదురుతుందా?

కుదరదు. ఫోన్ లైడార్‌ది ఇన్‌ఫ్రారెడ్ లేజర్, దాంతో ఎన్ఏడీహెచ్ వెలగదు. పైగా 5 మీటర్ల దూరానికి కాంతి వెళ్లి రావడానికి 33 నానోసెకన్లు పడుతుంది. ఇక్కడ కావాల్సింది నానోసెకనులో చిన్న ముక్కని కొలిచే టైమింగ్. కాబట్టి ఫోన్ కెమెరాతో క్యాన్సర్ చెప్పేస్తాం అనే యాప్ కనిపిస్తే నమ్మకండి. ఆసుపత్రుల్లో కూడా ఇది ఎక్కువగా రీసెర్చ్ దశలోనే ఉంది, బయాప్సీకి బదులు కాదు.

కానీ ఒక్క ఫోటాన్‌ని కూడా పట్టే స్పాడ్ డిటెక్టర్లు ఫోన్ల వల్లే కోట్లలో తయారవుతున్నాయి. ఈ ఇమేజింగ్ పరికరాల్లో కూడా స్పాడ్‌లు వాడుతున్నారు. ఈసారి స్పెక్ షీట్‌లో లైడార్ అని కనిపిస్తే, ఇదేం పనికొస్తుందిలే అని మాత్రం నేను అనను.