బీరువాకు పూసింది లక్కా, రంగా?

బాలలూ! మీ తాతగారి నాటి టేకు బీరువా గాని, కుర్చీ గాని మీ ఇంట్లో ఉందా? పూత పెచ్చులు లేచి ఉంటే, గరుకు కాగితంతో రుద్దేస్తే సరి అనుకుంటాం కదూ! కిందటి వేసవిలో నేనూ అలాగే మా పాత కుర్చీని రుద్దడం మొదలుపెట్టాను. పక్కనే మా చిన్న మనుమరాలు ఆడుకుంటోంది. రాలిన తెల్లని పొడి దాని వేళ్ళకు అంటింది. ఆ వేళ్ళు నోటి దగ్గరకు పోతుంటే నా గుండె ఝల్లుమంది. వెంటనే పని ఆపి, దాని చేతులు సబ్బుతో కడిగాను. ఎందుకో తెలియాలంటే, ముందు పూతల సంగతి తెలియాలి.

మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు లక్కను తయారుచేస్తాయి. ఆ లక్కను శుభ్రపరచి, స్పిరిట్‌లో కరిగించి కలపకు పూస్తారు. స్పిరిట్ ఆవిరైపోతుంది, లక్క మిగులుతుంది. ఇది భౌతిక మార్పు. కాబట్టి మళ్ళీ స్పిరిట్ తగిలితే లక్క మళ్ళీ కరుగుతుంది.

నూనె రంగు సంగతి వేరు. అందులోని అవిసె నూనె ఆరిపోదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఇది రసాయనిక మార్పు. ఉడికిన గుడ్డును మళ్ళీ పచ్చిగుడ్డుగా మార్చగలమా? ఇదీ అంతే. స్పిరిట్‌కు లొంగదు. కాస్టిక్ సోడా ఆ నూనెను సబ్బుగా మార్చి రంగును ఊడదీస్తుంది గాని, చర్మాన్నీ కాలుస్తుంది!

మరి మీ బీరువాది ఏ పూత? పెద్దల చేత, పొయ్యికి దూరంగా, కనబడని మూలలో స్పిరిట్ తడిపిన దూదితో రుద్దించి చూడండి. పూత జిగటగా మారి దూదికి అంటితే అది లక్క కావచ్చు.

ఇక అసలు ప్రమాదం. పాత నూనె రంగులలో తెలుపు కోసం సీసపు కార్బొనేట్, పసుపు కోసం సీసపు క్రోమేట్ కలిపేవారు. పొడిగా రుద్దితే ఆ సీసం ధూళిగా లేస్తుంది. మింగిన సీసాన్ని పెద్దల శరీరం కంటే పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే హానిలేదు అని చెప్పదగిన మోతాదే లేదు. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగులలో సీసం 10 లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును అనుమానించడమే మంచిది.

కాబట్టి పాత రంగును పొడిగా రుద్దనివ్వకండి, మంటతో కాల్చనివ్వకండి. తీయక తప్పకపోతే పెద్దలే ఆరుబయట, తడిపి గీకాలి. పెచ్చులను తడిగుడ్డతో ఎత్తి మూట కట్టాలి. ఆ సమయంలో చిన్నపిల్లలు, గర్భిణులు దరిదాపుల్లో ఉండరాదు. పూత గట్టిగా ఉంటే దాని జోలికే పోవద్దు.

మా కుర్చీని ఆ తర్వాత నేను రుద్దలేదు. తడిగుడ్డతో తుడిచి, పై నుంచి కొత్త రంగు వేయించాను. ఈ సంగతి ఈరోజే మీ ఇంట్లో పెద్దలకు చెబుతారు కదూ!