రెండు తలుపుల కారు: ఉంచుకుందామా, మార్చేద్దామా?

అమెరికాలో మన తెలుగువాళ్ళ ఇళ్ళ ముందు ఏ కార్లుంటాయో కళ్ళు మూసుకుని చెప్పెయ్యొచ్చు. పెళ్ళికి ముందు ఒక క్యామ్రీ గానీ అకార్డ్ గానీ, పిల్లలు పుట్టాక ఒక ఒడిస్సీ. ఆ అకార్డ్ కూడా నాలుగు తలుపులదే అయి ఉంటుంది. "రీసేల్ బాగుంటుందిరా, అదే కొనుక్కో" అని ముందొచ్చిన వాళ్ళు వెనకొచ్చిన వాళ్ళకి చెబుతూనే ఉంటారు.

ఆ మాట వినకుండా రెండు తలుపుల అకార్డ్ కూపే కొన్న నలుగురం మేము. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర, ఓక్ ట్రీ రోడ్డుకి పది నిమిషాల దూరంలో, ఒకే అపార్ట్‌మెంట్ సముదాయంలో ఉంటాం. తెనాలి అన్నయ్యది 2002 కారు. కరీంనగర్ తమ్ముడిది 2007. వైజాగ్ చెల్లెమ్మది 2012. ఒంగోలు కుర్రాడిది 2016, అదీ గేర్లు చేత్తో మార్చుకునేది. నెలకో ఆదివారం పార్కింగ్‌లో నాలుగు కార్లూ వరసగా పెట్టి, ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, బానెట్లు ఎత్తి కబుర్లు చెప్పుకుంటాం. మా ఇళ్ళలో వాళ్ళు దీన్ని "కార్ల వ్రతం" అంటారు.

ఈసారి వ్రతానికి రెండు సమస్యలు వచ్చాయి. ఒకటి, ఒంగోలు కుర్రాడు కొత్త కూపే కొంటానంటున్నాడు. రెండు, అన్నయ్య మేనల్లుడు ఎం.ఎస్. చదవడానికి వచ్చాడు, 2002 కారు వాడికి ఇవ్వాలి. ఈ రెంటి గురించీ మాట్లాడుకుంటూ మేం తెలుసుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నాం.

కొత్త మోడల్ వస్తోందట!

కారు కొనాలనుకున్న ప్రతివాడినీ ఆపే మాట ఇది. అన్నయ్య 2002 వేసవిలో కొన్నాడు. డీలర్ మంచి తగ్గింపు ఇచ్చాడని సంబరపడ్డాడు. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడిలో వాహనపూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ శీతాకాలం రాకముందే పూర్తిగా మారిపోయిన 2003 మోడల్ వచ్చేసింది. "పాతది అంటగట్టాడు నీకు" అని అందరూ ఏడిపించారు.

ఇప్పుడు చూస్తే అన్నయ్య నష్టపోయిందేమీ లేదు. రూపం మారే ముందు సంవత్సరం కారుకి ధర తగ్గుతుంది. నాలుగైదేళ్ళు తయారుచేసిన కారు కాబట్టి మొదట్లో ఉన్న లోపాలు చాలావరకు సర్దుకుని ఉంటాయి. కొత్త రూపం కావాలనుకునేవాళ్ళు మొదటి ఏడాది ఆగి, రెండో ఏడాది కొనడం మేలు. ఈ లెక్క ఏ కారుకైనా పనికొస్తుంది.

అకార్డ్‌కి కూపే రూపం 1988 మోడల్‌తో వచ్చింది. ఒహాయోలోని మేరీస్‌విల్ ఫ్యాక్టరీలో తయారైంది. అక్కడినుంచి ఓడలకెక్కి జపాన్‌కి కూడా వెళ్ళింది. జపాన్ కంపెనీ అమెరికాలో కారు చేసి జపాన్‌కే పంపడం అప్పట్లో పెద్ద వార్త. ఆ తర్వాత మా కాలంలో 2003లో ఒకసారి, 2008లో ఒకసారి, 2013లో ఒకసారి రూపం మారింది. ప్రతిసారీ మాలో ఎవరో ఒకరు "ఆగుదామా, కొనేద్దామా" అని తల పట్టుకున్నారు. 2018 మోడల్ కోసం కూడా అలాగే ఎదురుచూశాం. కొత్త అకార్డ్ వచ్చింది గానీ, అందులో కూపే లేదు. 2017తోనే సరి.

ఒక్క అకార్డే కాదు. టయోటా సొలారా కూపే 2008తో పోయింది. నిస్సాన్ ఆల్టిమా కూపే 2013తో పోయింది. జనం ఎత్తయిన ఎస్‌యూవీల వైపు వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పుపట్టలేం. పసిపిల్లని కార్ సీట్లో పెట్టాలంటే ముందు సీటు మడిచి నడుం వంచి లోపలికి దూరాలి. చెల్లెమ్మ వాళ్ళ అమ్మగారు ఆరు నెలలకి వచ్చినప్పుడు, మోకాళ్ళ నొప్పులతో వెనక సీట్లోకి ఎక్కలేక "ఇదేం కారే తల్లీ, కిటికీలోంచి దూరినట్టుంది" అన్నారు. ఆ ఆరు నెలలూ ఆవిడ ముందు సీట్లో, అల్లుడుగారు వెనక సీట్లో.

అరవై నెలలు, అరవై రోజులు

ఇప్పుడు హోండావాళ్ళు ప్రెల్యూడ్ పేరుని మళ్ళీ బయటికి తీశారు. 2001లో ఆగిపోయిన కారు అది. 2023లో జపాన్ మొబిలిటీ షోలో నమూనా చూపించి, 2025 చివర్లో 2026 మోడల్‌గా అమెరికాలో అమ్మకానికి పెట్టారు. హైబ్రిడ్, 200 హార్స్ పవర్, ధర 42,000 డాలర్ల నుంచి మొదలు. ఒంగోలు కుర్రాడి కళ్ళన్నీ దానిమీదే.

"అన్నా, రెండు తలుపులది మళ్ళీ ఎప్పుడొస్తదో తెలువదు. కొననియ్యి" అని కరీంనగర్ తమ్ముడు వాడికి వత్తాసు పలికాడు.

చెల్లెమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నీ కారుకి 278 హార్స్ పవర్, వీ6, చేతి గేర్లు. అలాంటిది మళ్ళీ రాదు. ఇది దానికన్నా చిన్నది, చేతి గేర్లూ లేవు. నీ కారుకి ఇది కొత్త రూపం కాదు, వేరే కారు" అంది.

అన్నయ్య ఇంకో లెక్క చెప్పాడు. "ఒరే అబ్బాయ్, నువ్వు తీసుకునేది అరవై నెలల అప్పు. నువ్వు ఉన్నది హెచ్-1బి మీద. ఉద్యోగం పోతే నీకున్న గడువు అరవై రోజులు. ఈ రెండు అరవైలూ పక్కపక్కన పెట్టుకుని చూడు."

ఎవరం మాట్లాడలేదు. మా సముదాయంలో 2023లో రెండు కుటుంబాలు అలాగే సామాను సర్దుకుని వెళ్ళిపోయాయి. అందులో ఒకాయనకి కారు అమ్మితే వచ్చిన డబ్బు కన్నా తీర్చాల్సిన అప్పు ఎక్కువ. తేడా చేతినుంచి కట్టి విమానమెక్కాడు. కొత్త కారు కొనొద్దని మేం చెప్పడం లేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళ సంగతి వేరు. వీసా మీద ఉన్నవాళ్ళు ముందుగా ఎక్కువ మొత్తం కట్టి, ఎప్పుడు అమ్మినా అప్పు తీరిపోయేలా చూసుకోవాలి. అది కుదరకపోతే ఉన్న కారునే బాగా చూసుకోవాలి. కుర్రాడు చివరికి రెండోదే ఎంచుకున్నాడు. కాస్త మొహం మాడ్చుకున్నాడనుకోండి.

ఉన్నదాన్ని బతికించుకోవడం

ముందుగా బెల్టు సంగతి. వీ6 ఇంజను ఉన్న అకార్డులన్నిటికీ లోపల టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే వాల్వులూ పిస్టన్లూ ఒకదానికొకటి తగిలి ఇంజను పాడైపోతుంది. ముందు సూచన ఏమీ ఉండదు. సుమారు లక్షా ఐదు వేల మైళ్ళకి గానీ ఏడేళ్ళకి గానీ, ఏది ముందైతే అప్పుడు మార్చించాలి. అదే పనిలో వాటర్ పంపు కూడా మార్పించండి, మళ్ళీ విప్పే కూలీ మిగులుతుంది. ఖర్చు వెయ్యి డాలర్లకి అటూఇటూ అవుతుంది.

2003 నుంచి వచ్చిన నాలుగు సిలిండర్ల అకార్డులకి మాత్రం బెల్టు బదులు చైన్ ఉంటుంది. దాన్ని మైళ్ళ లెక్కన మార్చే పనిలేదు. మా కరీంనగర్ తమ్ముణ్ణి ఒక షాపువాడు "లక్ష దాటింది, టైమింగ్ బెల్టు మార్చాలి" అని తొమ్మిది వందలు అడిగాడు. "నా కారుకి బెల్టే లేదు గదా, ఏం మారుస్తవ్ అన్నా?" అని అడిగేసరికి వాడు కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాడట. మీ ఇంజను ఏదో మీకు తెలిసి ఉండాలి. అంతే.

తర్వాత, డాష్‌బోర్డు మీద వచ్చే అక్షరాలు. పిచ్చి గీతలనుకుని చాలామంది వదిలేస్తారు. 'ఏ' అంటే ఆయిల్ మార్చడం. 'బి' అంటే ఆయిల్, ఫిల్టరు, బ్రేకుల తనిఖీ. పక్కన 1 ఉంటే టైర్లు అటూఇటూ మార్చడం, 2 అంటే గాలి ఫిల్టర్లు, 3 అంటే గేరుబాక్సు ద్రవం, 4 అంటే స్పార్క్ ప్లగ్గులు, వీ6 అయితే టైమింగ్ బెల్టు, 5 అంటే కూలెంట్. ఆ కాగితం ముక్క రాసి గ్లవ్‌బాక్సులో పెట్టుకుంటే ఎవడూ మీకు లేని పని అంటగట్టలేడు.

గేరుబాక్సు ద్రవంతో ప్రయోగాలు వద్దు. ఆటోమేటిక్‌కి డీడబ్ల్యూ-1, 2013 తర్వాతి సీవీటీకి హెచ్‌సీఎఫ్-2. ఒకదాని బదులు ఇంకొకటి పోయకూడదు. అన్నిటికీ సరిపోతుందని రాసి ఉన్న చవక డబ్బాల జోలికి మేం వెళ్ళం. బ్రేకు ద్రవం మూడేళ్ళకోసారి మార్చాలి. ఇది మైళ్ళతో పనిలేని లెక్క, నిలబెట్టిన కారుకీ వర్తిస్తుంది.

న్యూజెర్సీ చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు కారు అడుగు భాగాన్ని తినేస్తుంది. మంచు తగ్గిన రోజు కింది భాగం కూడా కడిగే వాష్‌కి తీసుకెళ్ళండి. చెక్ ఇంజన్ దీపం వెలిగితే కంగారుపడొద్దు, అలాగని నల్ల టేపు అతికించి మర్చిపోనూ వద్దు. ఆ దీపం వెలుగుతుంటే మన రాష్ట్రంలో ఇన్‌స్పెక్షన్ పాసవదు. విడిభాగాలమ్మే దుకాణాల్లో చాలాచోట్ల ఆ కోడ్ ఉచితంగా చదివి చెబుతారు.

పదిహేడు అక్షరాలు

ఇక అన్నయ్య 2002 కారు. రెండు లక్షల మైళ్ళకి దగ్గరపడినా ఇంజను గడియారంలా ఉంది. బెల్టు రెండుసార్లు మార్పించాడు. ఆయిల్ రసీదులన్నీ ఫైల్లో ఉన్నాయి. మేనల్లుడు తాళాలు చేతిలో పట్టుకుని ఇంతలేసి కళ్ళతో చూస్తున్నాడు.

అప్పుడు చెల్లెమ్మ "అన్నయ్యా, ఎయిర్‌బ్యాగ్ రీకాల్ చూశావా?" అని అడిగింది.

అన్నయ్య చూడలేదు. విండ్‌షీల్డు కింద ఎడమవైపు మూలలో కనిపించే పదిహేడు అక్షరాల వాహన సంఖ్యని చెల్లెమ్మ ఫోన్లో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో కొట్టింది. రీకాల్ మరమ్మతు జరగలేదని వచ్చింది.

తకాటా ఎయిర్‌బ్యాగుల సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. ఎయిర్‌బ్యాగ్‌ని ఉబ్బించే లోహపు డబ్బాలో అమోనియం నైట్రేట్ ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికీ తేమకీ అది చెడిపోతుంది. ప్రమాదం జరిగినప్పుడు డబ్బాయే పేలి ఇనుప ముక్కలు మనిషి మీదికి దూసుకొస్తాయి. అమెరికాలో 25 మందికి పైగా ఇలా చనిపోయారు. దాదాపు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగులు రీకాల్ అయ్యాయి. ఇక్కడ ఇంతకన్నా పెద్ద వాహన రీకాల్ జరగలేదు. అన్ని కార్లలోకీ ప్రమాదకరమైనవి 2001-2003 నాటి కొన్ని హోండా, అక్యూరా కార్లు. 2001, 2002 అకార్డులు అందులో ఉన్నాయి. గట్టి దెబ్బ తగిలితే అవి పేలే అవకాశం 50 శాతం దాకా ఉందని ప్రభుత్వం 2016లోనే హెచ్చరించింది. మరమ్మతు అయ్యేదాకా వాటిని నడపొద్దని చెప్పింది.

మరి ఉత్తరాలు రాలేదా? వచ్చే ఉంటాయి. అన్నయ్య 2013లో హైదరాబాద్ వెళ్ళి నాలుగేళ్ళున్నాడు. కారు పెన్సిల్వేనియాలో బావమరిది దగ్గర ఉంది. ఆయన రెండు ఇళ్ళు మారాడు. అన్నయ్య తిరిగొచ్చి కారు తీసుకున్నాక వచ్చిన కాగితాలు డీలర్ల ప్రకటనలనుకుని చెత్తబుట్టలో వేశాడు. "ఇన్నేళ్ళూ దీన్లో పిల్లల్ని స్కూల్లో దింపాను" అని మాత్రం అన్నాడు. టీ చల్లారిపోయినా ఎవరం తాగలేదు.

మర్నాడు డీలర్‌కి ఫోన్ చేస్తే కారు కదపొద్దన్నారు. వాళ్ళే ట్రక్కు పంపి తీసుకెళ్ళారు. ఎయిర్‌బ్యాగ్ మార్చి ఇచ్చారు. పైసా తీసుకోలేదు. ఈ రీకాల్ మరమ్మతు ఎన్నో చేతి కారుకైనా ఉచితమే.

మనవాళ్ళలో కార్లు చేతులు మారుతూనే ఉంటాయి. ఇండియా వెళ్ళేవాడు రూమ్మేటుకి ఇస్తాడు, వాడు తమ్ముడికి, తమ్ముడు కొత్తగా వచ్చిన స్టూడెంటుకి. చిరునామాలు మారతాయి, ఉత్తరాలు తప్పిపోతాయి. ఆఖరికి ఆ కారు నడిపేది అందరికన్నా చిన్నవాడు, దేశానికి కొత్తవాడు. కాబట్టి పాత కారు కొన్నా, ఊరికే తీసుకున్నా, ఎవరికైనా ఇచ్చినా ముందు ఆ పదిహేడు అక్షరాలు కొట్టి చూడండి. రెండు నిమిషాల పని. సెడాన్ అయినా, కూపే అయినా, వేరే కంపెనీది అయినా సరే. ఈ ఆదివారం మీ ఇంటి ముందున్న కారుతోనే మొదలుపెట్టండి.

మేనల్లుడు ఇప్పుడు ఆ కారులోనే కాలేజీకి వెళ్తున్నాడు. మొన్న ఫోన్ చేసి "మామయ్యా, డాష్‌బోర్డు మీద ఏదో దీపం వెలిగింది, ఏం చెయ్యమంటావు?" అని అడిగాడట. వచ్చే ఆదివారం తీసుకురమ్మన్నాం. పార్కింగ్‌లో ఐదో కారుకి చోటుంది.