సామాన్ల గదిలో దాచిన చరిత్ర

మా చిన్నప్పుడు మా వీధి చివర పెంకుటింట్లో ఇద్దరు టీచరమ్మలు ఉండేవారు. ఒకావిడ లెక్కలు చెప్పేవారు, ఒకావిడ తెలుగు. ఇద్దరిదీ ఒకే స్కూలు, ఒకే వంట, ఎండకీ వానకీ ఒకే గొడుగు. "పాపం, పెళ్ళిళ్ళు కాలేదు, ఒకరికొకరు తోడు" అనుకునేవాళ్ళు వీధిలో.

లెక్కల టీచరు పోయాక ఆవిడ అన్నదమ్ములొచ్చి బీరువా, కుట్టుమిషను, ఇత్తడి సామాను బండికెక్కించారు. ట్రంకుపెట్టెలోని ఉత్తరాలూ ఫొటోలూ ఎవరికీ అక్కర్లేకపోయాయి. పెరట్లో నీళ్ళపొయ్యిలోకి వెళ్ళాయి. తెలుగు టీచరు గుమ్మం దగ్గర నిలబడి చూశారు. ఒక్క మాట అనలేదు. అనడానికి ఆవిడది ఏ వరస గనక? అక్క కాదు, చెల్లి కాదు, వదిన కాదు.

వాళ్ళ మధ్య ఉన్నది స్నేహమో, ప్రేమో నేను చెప్పలేను. ఆ సంగతి చెప్పగలిగిన కాగితాలు బూడిదయ్యాయి. ఈమధ్య న్యూయార్క్‌లోని ఒక ఇంటి గురించి, ఆ ఇంట్లోని పాత చొక్కాల నుంచి పుట్టిన వంద బొమ్మల గురించి చదువుతుంటే ఆ పొయ్యి మళ్ళీ కళ్ళముందు మండింది.

వంటింటి పక్కనే మొదలు

స్త్రీలను ప్రేమించే స్త్రీలు కన్నుమూశాక వాళ్ళ ఉత్తరాలు, డైరీలు చుట్టాల చేతుల్లో మాయమైపోవడం అమెరికాలోనూ ఉన్నదే. మన కథ మనమే దాచుకోకపోతే ఇంకెవరు దాస్తారని 1974లో న్యూయార్క్‌లో కొందరు స్త్రీలు ఒక సంస్థ పెట్టుకున్నారు. దాని పేరు లెస్బియన్ హర్‌స్టరీ ఆర్కైవ్స్. 'హిస్టరీ' అన్న మాటలో 'అతని' అనే అర్థం వినిపిస్తోందని, అది తీసేసి 'ఆమె' అని పెట్టుకున్నారన్నమాట.

వాళ్ళలో జోన్ నెసిల్, డెబొరా ఎడెల్ కాపురమున్న ఫ్లాటులో, వంటింటి సరుకులు పెట్టుకునే గదిలో ఈ సేకరణ మొదలైంది. పప్పుడబ్బాలుండాల్సిన చోట కాగితాల పెట్టెలు చేరాయి. క్రమంగా ఇల్లంతా నిండిపోయింది. స్త్రీలు పంపిన చిన్నచిన్న చందాలతో బ్రూక్లిన్‌లో ఒక ఇల్లు కొని 1993లో అక్కడికి మారారు. ఇప్పటికీ అక్కడే ఉంది. నడిపేది స్వచ్ఛందంగా పనిచేసే స్త్రీలే.

వాళ్ళ నియమాలు చదివితే ముచ్చటేస్తుంది. ఈ సేకరణను ఎన్నటికీ అమ్మకూడదు. విశ్వవిద్యాలయానికి అప్పగించకూడదు. ఎందుకంటే ఆ గుమ్మం దాటే వీలు చాలామంది ఆడవాళ్ళకి ఉండదు. తెచ్చినామె పేరున్న మనిషా, మామూలు మనిషా అని అడగకూడదు.

ఇంకో చిత్రం చూడండి. అక్కడ పుస్తకాలను ఇంటిపేరుతో కాక రచయిత్రి సొంత పేరుతో వరసపెడతారు. ఇంటిపేరు తండ్రిదో, భర్తదో అవుతుంది కదా! పెళ్ళినాటికి ఒక ఇంటిపేరు వదిలి, ఇంకో ఇంటిపేరుతో రేషను కార్డెక్కిన మనకి ఇది వేరే విడమరచి చెప్పాలా?

బస్టాపులో కలిసిన ఇద్దరు

ఆ ఇంట్లో దాచిన జీవితాల్లో మేబెల్ హాంప్టన్ గారిది ఒకటి. 1902లో పుట్టిన నల్లజాతి స్త్రీ. వయసులో ఉండగా నాట్యబృందాల్లో ఆడి పాడారు. తర్వాత జీవితమంతా ఇతరుల ఇళ్ళల్లో పనిచేసి బతికారు. 1932లో బస్సు కోసం ఎదురుచూస్తూ లిలియన్ ఫోస్టర్‌ని కలిశారు. 1978లో లిలియన్ పోయేదాకా, అంటే 46 ఏళ్ళు, ఇద్దరూ కలిసే బతికారు. మన ఇళ్ళల్లో షష్టిపూర్తి చేసుకునే జంటల్లో ఎంతమందికి అన్నేళ్ళ కాపురం ఉంటుంది?

ఆమె జ్ఞాపకాలను జోన్ నెసిల్ కూర్చోబెట్టి టేపుల మీద రికార్డు చేశారు. తన దగ్గరున్న పుస్తకాలను మేబెల్ గారే ఆ సంస్థకి ఇచ్చారు. అందువల్లే 1989లో ఆమె పోయినా, ఆమె గొంతు పోలేదు. ఇళ్ళు తుడిచిన మనిషి చరిత్రలోకి అలా నడిచొచ్చారు.

చొక్కా చూడకుండా బొమ్మ

ఆ ఇంట్లో టీషర్టుల గుట్ట కూడా ఉంది. ఊరేగింపుల్లో, సభల్లో వేసుకున్నవి, నినాదాలూ బొమ్మలూ అచ్చువేసినవి. ఎవరో ఓపికగా కూర్చుని, ఏ చొక్కా మీద ఏముందో మాటల్లో ఒక జాబితా రాసిపెట్టారు. ఆస్ట్రియాలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన చిత్రకారిణి ఉల్రికె ముల్లర్ కంట్లో ఆ జాబితా పడింది.

ఇంకొకరైతే చొక్కాలు బయటికి తీసి ఫొటోలు కొట్టించేవారు. ఆవిడ అలా చేయలేదు. జాబితాలోని వర్ణనలను కళాకారులకు పంచి, "ఈ మాటలు చదివి మీకు తోచినట్టు గీయండి" అన్నారు. వంద మంది వంద బొమ్మలు గీశారు. 'హర్‌స్టరీ ఇన్వెంటరీ' అన్న పేరుతో అవి 2012లో బ్రూక్లిన్ మ్యూజియంలోనూ, ఆస్ట్రియాలోని బ్రెగెంజ్ నగరంలోనూ ప్రదర్శనకు వచ్చాయి.

ఇందులో గొప్పేముంది అంటారా? ముగ్గుల సంగతి ఆలోచించండి. "పదిహేను చుక్కలు, ఎడంచుక్క, ఎనిమిది దాకా" అని పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చెబితే మనం పేడనీళ్ళు చల్లిన వాకిట్లో వేసుకుంటాం. ఆవిడ వేసినట్టే రాదు. మన చేతివాటం మనది. కానీ ముగ్గు బతికే ఉంటుంది. బీరువాలో దాచిన ముగ్గుల పుస్తకాన్ని చెదలు తినొచ్చు. పది వాకిళ్ళలో వేసిన ముగ్గుని ఏ చెదపురుగు తింటుంది?

ఆ వంద బొమ్మలూ అలాంటివే. ఒక మాట చదివి, మనసులో తిప్పుకుని, కాగితం మీద పెట్టేసరికి ఆ చొక్కా తొడుక్కున్న తెలియని స్త్రీతో గీసినామెకి చుట్టరికం కలుస్తుంది. చరిత్రను చూడ్డానికి వచ్చినవాళ్ళు దాన్ని మోసేవాళ్ళవుతారు.

మన గుమ్మంలో

ఆడవాళ్ళ నోటి మాటను చరిత్రగా కూర్చడం మనకేం కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేత మాట్లాడించి, స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. అంతవరకు పెద్ద చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకని గొంతులవి. అలా చెప్పించుకుని, చెవొగ్గి వినాల్సిన గొంతులు ఇంకా ఉన్నాయి.

చట్టం కొంత కదిలింది. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి కలిస్తే, వాళ్ళు ఒకే లింగం వారైనా నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అలాంటి జంటల పెళ్ళికి చట్టబద్ధత ఇవ్వడం తన చేతిలో లేదని 2023 అక్టోబరు 17న అదే కోర్టు అంది. అంటే మా తెలుగు టీచరు లాంటి మనిషికి ఆ గుమ్మంలో నిలబడి "అవి నావి" అనడానికి ఇవాళ్టికీ ఒక వరస దొరకలేదు.

"ఒకరి గుట్టు బయటపెట్టడం పాపం కాదుటండీ?" అని మా ఆడపడుచు అడిగింది. సబబైన ప్రశ్నే. ఆ మనిషి ఇష్టం లేకుండా పెట్టె తెరిస్తే పాపమే. బ్రూక్లిన్ ఇంటిలోని పద్ధతి వేరు. మేబెల్ గారు తన పుస్తకాలు తానే ఇచ్చారు, తన కథ తానే చెప్పారు. చెప్పాలనుకున్న మనిషికి ఒక చోటు ఉండాలి. చెప్పకూడదనుకున్న మనిషి కాగితాలను కాల్చాలా, ఉంచాలా అన్నది ఆవిడతో బతికిన మనిషిని అడగాలి. ఆ రోజు మా వీధిలో ఎవరూ అడగలేదు. మేమంతా గోడ పక్కన నిలబడి చూసినవాళ్ళమే.

బండి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఒక్క వస్తువు మిగిలింది. ఎవరూ విలువైనదనుకోలేదు కాబట్టి మిగిలింది. ఆ జాబితా పద్ధతిలోనే రాసి పెడుతున్నాను. గీయగలిగినవాళ్ళు గీయండి.

నల్ల గొడుగు. చెక్క పిడి. ఒక ఊచ వంగింది. ఇద్దరికి సరిపోతుంది.