జీపు ఎప్పుడు మూలుగుతోంది?

సంత రోజు. జీపు పాడేరు దాటింది. చోడవరం వైపు పోతోంది. లోపల ఆడవాళ్లు, పసుపు మూటలు. ముందర ఘాట్ రోడ్డు ఉంది. కింద నుంచి ఏదో చప్పుడు వస్తోంది.

"ఏటి తమ్ముడూ, కింద ఏదో రాసుకుంటోంది?" అని ఒకామె అడిగింది.

"ఏటీ లేదక్కా. పాత బండి. అలాగే ఉంటాది," అన్నాడు డ్రైవరు.

ఆమె ఊరుకుంది. ఆమె అడిగింది మంచి మాటే. కానీ ఆ ఒక్క మాటతో డ్రైవరుకు ఏమీ తెలియదు. చప్పుడు ఎప్పుడు వస్తోంది? అది చెప్పాలి. బిడ్డ ఏడిస్తే తల్లి ఏం చూస్తుంది? పాలు తాగాక ఏడ్చాడా, పడుకోబెడితే ఏడ్చాడా అని చూస్తుంది. బండి సంగతీ అంతే.

ముందుగా టేపులో పాటలు ఆపించాలి. పాటల హోరులో ఏ చప్పుడూ వినపడదు.

బండి కదలక ముందే, ఇంజను వేయగానే కీచుమంటే బెల్టు వదులైందేమో చూడాలి. ఇది చిన్న పని.

బండి కదిలేటప్పుడు, గేరు మార్చేటప్పుడు కింద "ఠంగ్" మంటుందా? ఇంజను బలం ఒక పొడుగు గొట్టం ద్వారా చక్రాలకు పోతుంది. ఆ గొట్టం చివర జాయింట్లు ఉంటాయి. గ్రీజు లేక అవి అరిగితే ఇలా కొట్టుకుంటాయి. వదిలేస్తే ఒక రోజు గొట్టం ఊడి రోడ్డు మీద పడుతుంది.

వేగం పెరిగేకొద్దీ "హుం" అనే రొద పెరుగుతుందా? చక్రం బేరింగు అరిగి ఉండొచ్చు. బండి కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు రొద ఎక్కువైతే ఎడమ వైపు చూడాలి. చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. లటలట ఆడితే బేరింగు పోయినట్టే, లేదా వదులైనట్టే. టైరు మార్చిన కాసేపటికి చక్రం దగ్గర టకటక మంటే మాత్రం వెంటనే ఆపాలి. నట్లు వదులై ఉండొచ్చు.

కొన్ని జీపుల్లో గేరు పక్కన ఇంకో చిన్న లివరు ఉంటుంది. దాన్ని వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. దీన్నే ఫోర్ వీల్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 నుంచి, అమెరికా సైన్యం కోసం ఇలాంటి జీపులు లక్షల్లో తయారయ్యాయి. అవి బురదలో దిగబడకూడదు కదా. మన దగ్గర గెడ్డ దాటేటప్పుడు, వానాకాలం మట్టి దారిలో ఇది బాగా పనికొస్తుంది.

తారు రోడ్డు ఎక్కాక మాత్రం ఆ లివరు తీసేయాలి. ఎందుకు? చేను చివర నాగలి తిప్పేటప్పుడు బయటి ఎద్దు ఎక్కువ నడుస్తుంది. లోపలి ఎద్దు తక్కువ నడుస్తుంది. రెండింటి కాళ్లూ కలిపి కట్టేస్తే ఏమవుతుంది? మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. లివరు వేసి ఉంటే ముందూ వెనకా ఒకే లెక్కన తిరుగుతాయి. బురదలో చక్రం జారి సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారదు. టైర్లు కీచుమంటాయి. స్టీరింగు బరువెక్కుతుంది. కింద దబ్బుమని కొట్టుకుంటుంది. లివరు తీయగానే ఆగితే, అది రోగం కాదు. లివరు తీయడం మరిచిపోయారంతే. బురదలోనే, మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాల దగ్గర "టిక్ టిక్" మంటే వేరు. అది ముందు చక్రాల జాయింటు అరుగుడు.

ఇక బ్రేకు. వాన పడిన మర్నాడు పొద్దున బ్రేకు తొక్కితే కాస్త కీచుమంటుంది. నాలుగు సార్లు తొక్కితే పోతుంది. దానికి భయపడక్కర్లేదు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఇనుము మీద ఇనుము గీసినట్టు "గర్" మంటే భయపడాల్సిందే. బ్రేకు లోపల లైనర్లు ఉంటాయి. అవి అరిగిపోతే వాటికి కొట్టిన రివెట్లు డ్రమ్మును గీస్తాయి.

ఘాట్ దిగేటప్పుడు కొందరు డీజిలు మిగులుతుందని న్యూట్రల్ వేస్తారు. అప్పుడు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి కాలి మాడు వాసన వస్తుంది. కాలిన బ్రేకు సరిగా పట్టదు. చిన్న గేరులోనే దిగాలి. వాసన వస్తే ఆపి చల్లారనివ్వాలి. నీళ్లు పోయకూడదు.

ఆ జీపులో ఆమె మళ్లీ విన్నది. ఈసారి ఇలా చెప్పింది:

"తమ్ముడూ, నువ్వు బ్రేకు తొక్కినప్పుడే వస్తోంది. వదిలేస్తే ఆగిపోతోంది. వెనక ఎడమ చక్రం దగ్గర."

డ్రైవరు టేపు ఆపాడు. కొంచెం పోనిచ్చి బ్రేకు తొక్కాడు. గర్. మళ్లీ తొక్కాడు. గర్.

అతను ఘాట్ దిగలేదు. బండి వెనక్కి తిప్పి మెకానిక్ దగ్గర పెట్టాడు. డ్రమ్ము విప్పితే లైనరు కాగితంలా అరిగి ఉంది. ఒకరిద్దరు ఆలస్యమైందని గొణిగారు. ఆ రోజు పసుపు మూటలు చోడవరం చేరేసరికి పొద్దు వాలింది.